నీలినాచు మీద నిద్ర

ముందు నడుస్తున్న తల్లి చేతుల్నే చూస్తూ నడుస్తోంది నూకరత్నం.

కార్తీకమాసపు ఆదివారం. ఎండ ఇంకా చెట్ల తలల మీదే ఉంది, కిందికి దిగలేదు. పాత కాగితం మిల్లుకి పోయే ఆ దారి ఒకప్పుడు వెదురు లారీలు తిరిగిన దారి. ఇప్పుడు దాని నిండా తంగేడు పొదలు, మోకాలెత్తు గడ్డి, మంచు పట్టి తెల్లగా వేలాడే సాలెగూళ్ళు. మిల్లులో పనిచేసిన కుటుంబాల వాళ్ళు ఏటా వనభోజనాలకి అక్కడికే వెళ్తారు. చుట్టూ ఇంత అడవి పెట్టుకుని ఆ కూలిన గోడల మధ్యకే ఎందుకని వాళ్ళలో ఎవరూ అడగరు. వయసంతా అక్కడే గడిచిపోయింది. ఏడాదికొక పూటైనా ఆ చోట కూర్చుని తినకపోతే వాళ్ళకి ఏదో బాకీ పడినట్టు ఉంటుంది.

తల్లి పైడమ్మ తల మీద పులిహోర గిన్నె ఉంది. ఎడమ చెయ్యి గిన్నె అంచు మీద ఉంది, కుడిచేతిలో మజ్జిగ చెంబు. చెంబు నిండుగా ఉంది. దారి ఎగుడుదిగుడుగా ఉన్నా ఒక్క చుక్క ఒలకలేదు.

పోయిన కార్తీకంలో ఆవిడ చేతికి మంచినీళ్ళు ఇస్తే సగం చీర మీద పోసుకునేది. ముద్ద నోటిదాకా వెళ్ళేలోపు మెతుకులు రాలిపోయేవి. జాకెట్టు హుక్కులు రత్నమే పెట్టాల్సి వచ్చేది.

"అమ్మా, ఆ చెంబు ఇలా ఇయ్యి."

"బరువేం కాదులే."

"చేతులు బాగా కుదురుకున్నట్టున్నాయి."

"నువ్వు పంపిన టానిక్కు తాగుతన్నాను గదా," అంది పైడమ్మ వెనక్కి తిరక్కుండానే.

టానిక్కు సీసా మూత కూడా తియ్యకుండా గూట్లో ఉండటం రత్నం పొద్దున్నే చూసింది. ఆమెది అడిగే స్వభావం కాదు, చూసే స్వభావం. చిన్నప్పుడు ఊరి బళ్ళో మేష్టారు ప్రశ్న వేస్తే అందరికన్నా ఆఖర్న చెప్పేది. చెప్పినప్పుడు మాత్రం మిగతావాళ్ళు చూడనిది చెప్పేది.

"టానిక్కూ కాదు, ఏం కాదమ్మాయ్," అన్నాడు వెనకనుంచి లోవరాజు. మిల్లులో క్రేను నడిపిన మనిషి, పైడమ్మ పక్కింటివాడు. "మీ అమ్మ పొద్దున్నే లేచి నా మొహం చూత్తంది. అదీ మందు."

"ఆ మొహం చూత్తే కుదురుగా ఉన్న చేతులు కూడా వణుకుతాయి," అంది ఆయన భార్య చిట్టెమ్మ. "నలభయ్యేళ్ళుగా చూత్తన్నాను, నాకు తెలీదా."

అందరూ నవ్వారు. పైడమ్మ కూడా నవ్వబోయి ఆగి, మద్దిచెట్టుకి ఆనుకుని నిలబడింది. చిన్న మిట్ట ఎక్కినందుకే ఆయాసపడుతోంది. పెదాలు సున్నం కొట్టినట్టు ఉన్నాయి. రత్నం అది కూడా చూసింది.

*

రాజమండ్రిలోని ప్రయోగశాలలో రత్నం సహాయకురాలు. అక్కడ ఆమె పని చూస్తూ కూర్చోవడమే. గాజు పళ్ళేల్లో మొలిచే నాచుని పొద్దుటినుంచి సాయంత్రందాకా చూసి, ఏం మారిందో డాక్టర్ హైమవతికి చెప్పాలి. వాగు బండల మీద పెరిగే మామూలు నాచునే తీసుకుని, దాని లోపలి గుణాన్ని కొంచెం కొంచెంగా మార్చి, విషపు లోహాల్ని తాగేలా తయారుచెయ్యాలన్నది డాక్టర్ గారి ఆలోచన. ఏళ్ళ తరబడి ఏదీ తాగలేదు. మిగతా పిల్లలు విసుగెత్తి వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. రత్నం మాత్రం, "ఇంకో రెండ్రోజులు చూద్దామండి," అంటూ ఉండేది. అలా చూస్తుండగానే ఒక మధ్యాహ్నం, పాదరసం పట్టిన ఇటుక మీద నాచు అంచున నీలం దిగింది. పట్టుచీర మడతలో కనిపించేలాంటి నీలం.

మొదటి పరీక్షకి చోటు వెతుకుతుంటే రత్నం తన ఊరి మిల్లు పేరు చెప్పింది. కాగితం తెల్లబడటానికి కావలసిన మందుని ఆ మిల్లు సొంతంగా తయారుచేసుకునేది. అందుకోసం ఒక షెడ్డులో పాదరసం నేల మీద సన్నటి ఏరులా పారుతూ ఉండేది. దాని మీద ఉప్పునీళ్ళు పోసి కరెంటు పెట్టేవారు. తండ్రి సత్తిరాజు ఆ షెడ్డులోనే పనిచేశాడు. ఒలికిన పాదరసం పూసల్ని తల్లి చీపురుతో ఊడ్చి ఎత్తేది. మిల్లు మూతపడ్డాక చేతులు వణకని ఇల్లు ఆ కాలనీలో లేదు. సత్తిరాజు చివరి రోజుల్లో బీడీ కూడా ఎవరో ఒకరు వెలిగించి నోట్లో పెట్టాల్సి వచ్చేది.

నాచు నాటి రెండేళ్ళు కావస్తోంది. షెడ్డు నేలంతా నీలంగా మారింది. ఆ నీలాన్ని కోసి, డ్రమ్ముల్లో మూసి పంపించేశారు. తర్వాత కొత్తగా మొలిచింది ఆకుపచ్చగా ఉండాలి. అలా ఉంటే నేలలో ఇక తాగడానికి ఏమీ లేనట్టే. ఆ సంగతి ఒకసారి చూసి వస్తే పరీక్ష ముగిసినట్టే. ఇంకో నాలుగు మిల్లుల్లో నాటడానికి డాక్టర్ గారు సిద్ధంగా ఉన్నారు.

*

లారీలు తూచే కాటా పక్కన మొలిచిన ఉసిరిచెట్టు కింద పొయ్యిలు వెలిగాయి. చిట్టెమ్మ గుమ్మడికాయ తరుగుతోంది. తాగే నీళ్ళతో సహా అన్నీ ఇంటినుంచే తెచ్చుకున్నారు. మిల్లు ఆవరణలో చుక్క నీరు ముట్టరు, అది పాత అలవాటు.

"షెడ్డు చూసి వస్తానత్తా," అంది రత్నం.

చిట్టెమ్మ కత్తి ఆగింది. "ఇప్పుడెందుకే? తిన్నాక చూడొచ్చు గదా."

"తిన్నాక నిద్రొస్తుంది."

ఆ మాటకి చిట్టెమ్మ మొగుడి వంక చూసింది. ఆయన పొయ్యిలోకి కర్ర తోస్తూ తల వంచుకున్నాడు.

రత్నం మిల్లులోకి నడిచింది. పైకప్పు లేని పెద్ద పెద్ద గదులు. వెదురు ఉడికించే ఇనుప తొట్లు పక్కకి ఒరిగి ఉన్నాయి. వాటి బొక్కల్లోంచి ఎవరూ నాటని బొప్పాయి మొక్క తల బయటపెట్టింది. కన్వేయరు బెల్టు మీద అడ్డాకు తీగ పాకి చివరిదాకా వెళ్ళింది, ఇప్పటికీ ఏదో మోసుకుపోతున్నట్టు. ఎక్కడో నల్లటి ఏట్రింత పిట్ట కూస్తోంది. గోడకి అంటుకున్న షిఫ్టు గంటల పట్టిక పక్కన ముళ్ళు లేని గడియారం. ఆమె అడుగులు ఆమెకే వినిపించలేదు, నేలంతా ఆకులు.

షెడ్డు గుమ్మంలో ఆగిపోయింది.

నాచు మందంగా, మెత్తగా ఆ కొసదాకా పరుచుకుని ఉంది. రేకులు ఎగిరిపోయిన చోట్లనుంచి ఎండ పడి దాని మీద కదులుతోంది. తను అనుకున్నట్టే ఆకుపచ్చ. కానీ ఆ పచ్చదనంలో అక్కడక్కడా మనుషులు పడుకుని ఉన్నారు. మనుషులు కాదు, మనుషుల ఆకారాలు. వెల్లకిలా పడుకున్నవాడి భుజాలు, కాళ్ళు, విడిగా పెట్టిన అరచేయి. బోర్లా పడుకున్న ఒకామె కొప్పు. అన్నీ నీలం. ఒకదాని పక్కన ఒకటి, పెళ్ళింట్లో చాపల మీద నిద్రపోయిన చుట్టాల్లా.

రత్నానికి భయం వెయ్యలేదు. చాలాసేపు చూస్తూ నిలబడింది. మనిషి ఒంట్లో దాగిన పాదరసాన్ని కూడా ఈ నాచు తాగుతుందని ప్రయోగశాలలో ఎవరికీ తెలియదు. ఎవరూ దాని మీద పడుకోలేదు గనక.

అప్పుడు కిటికీ వారగా ఉన్న ఆకారం కనిపించింది. అది నీలం కాదు, ఎరుపు. ఇటుకపొడి చల్లినట్టు ఎర్రగా ఉంది. పక్కకి తిరిగి, ఒక మోకాలు మడిచి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకున్న ఆకారం.

పుట్టినప్పటినుంచి ఆ వీపుని ఆనుకుని నిద్రపోయింది రత్నం. ఎవరిదని ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఎరుపు ఎప్పుడు వస్తుందో ఆమెకి తెలుసు. ప్రయోగశాలలో ఒకసారి తుప్పు మేకు ఉన్న ఇటుక మీద నాచు వేశారు. ముందు నీలంగా మారింది. పాదరసం అయిపోయాక ఎర్రబడింది. "తినడానికి వేరే ఏదీ లేక ఇనుము తింటోంది. అక్కడ పని అయిపోయిందని గుర్తు, తీసెయ్యి," అన్నారు డాక్టర్ హైమవతి. రత్నం మేకుని పైకి తియ్యబోతే వేళ్ళ మధ్యే పొడిపొడిగా రాలిపోయింది.

మనిషిలో ఇనుము రక్తంలో ఉంటుంది.

*

"ఎప్పటినుంచి, మామయ్యా?" అంది రత్నం పొయ్యి దగ్గరికి తిరిగొచ్చి.

లోవరాజు తప్పించుకోలేదు. "ఎండాకాలంలో గేదె తప్పిపోతే వెతుక్కుంటా వచ్చాను. కాళ్ళు లాగేసి కాసేపు నడుం వాల్చాను. ఎంత చల్లగా ఉందనుకున్నావు. లేచి బీడీ వెలిగించుకుంటే అగ్గిపుల్ల ఆరలేదు. చెయ్యి అంతగా వణకలేదు మరి. ఇంటికెళ్ళి మీ అత్తకి చెప్తే నమ్మలేదు."

"తాగొచ్చాడనుకున్నాను," అంది చిట్టెమ్మ.

"ఇంకేముంది, గవర్నమెంటోళ్ళు మనకోసం పరుపేశార్రా అని అందర్నీ లాక్కొచ్చాను. వారానికోసారి వత్తాం. నీకు చెప్తే కంచె కట్టేత్తారని చెప్పలేదు. కోప్పడకే."

"అమ్మ కూడా వారానికోసారేనా?"

చిట్టెమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "రోజూ. వద్దంటే వినదు. మొన్న పిలిత్తే పలకలేదు. భుజం పట్టి ఊపాను, లేవలేదు. చెంపలు తడితే గానీ కళ్ళు తెరవలేదమ్మా. తెరిచాక నా మీద కోప్పడింది, ఎందుకు లేపావని."

*

అడ్డాకుల విస్తళ్ళు పరిచి వడ్డించారు. దప్పళం బాగా కుదిరిందని లోవరాజు మూడుసార్లు అడిగి పోయించుకున్నాడు. ఆయన చేతిలో ఇంకా కొంచెం వణుకు ఉంది. పులుసు గడ్డం మీదికి కారితే చిట్టెమ్మ కొంగుతో తుడిచింది. ఎప్పుడో మానేసిన మాటలన్నీ ఆ పూట బయటికొచ్చాయి, షిఫ్టులు, సైరన్లు, బోనసు రోజున కొన్న రేడియోలు. పైడమ్మ అన్నం కెలికి వదిలేసింది. ఆమె చూపు మాటిమాటికీ షెడ్డు వైపు పోతోంది.

రత్నం తల్లిని చెయ్యి కడిగించే వంకతో పక్కకి తీసుకెళ్ళి, చేతులు తిప్పి గోళ్ళు చూసింది. కింద ఎరుపన్నది లేదు.

"అమ్మా, నీ వణుకు ఎప్పుడో పోయింది. నీ ఒంట్లో ఇంక పాదరసం లేదు. ఇప్పుడు ఆ నాచు నీ రక్తం తాగుతోంది."

"తెలుత్తానే ఉంది."

"తెలిసీ ఎందుకెళ్తున్నావు?"

పైడమ్మ విరిగిన గోడ మీద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, చాలా మామూలుగా చెప్పింది.

"అక్కడ పడుకుంటే మీ నాన్న వత్తాడు. అందరికీ ఏవేవో కలలొత్తాయంట. లోవరాజుకి క్రేనొత్తాదంట, ఎదవ కల. నాకు మీ నాన్న. మొదట్లో గుమ్మం కాడే నిలబడేవోడు. మాటుండేది కాదు. వణుకు తగ్గే కొద్దీ ఒక్కో అడుగు లోపలికొచ్చాడు. ఇప్పుడు మంచం పట్టి మీద కూకుని మాట్లాడతన్నాడే. పోయేముందు ఆరు నెల్లు ఆయన మాట ఎవరికీ అర్థమైంది కాదు, నాలుక తిరిగేది కాదు, నువ్వు చూశావు గదా. ఇప్పుడు తేటగా మాట్లాడతన్నాడు."

"అది రక్తం తగ్గితే వచ్చే మైకం."

"అయితే అవనీ."

"ఒక రోజు లేవవు నువ్వు."

పైడమ్మ తనకి తెలియని విషయం కాదన్నట్టు అడవి వైపు చూసింది.

"నాచంతా గీకించేస్తాను," అంది రత్నం. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రేపే మనుషుల్ని పెట్టి."

"గీకించెయ్యి. లోవరాజు చెయ్యి ఇంకా వణుకుతంది. వెనకింటి గంగాలు సూదిలో దారం ఎక్కించుకోవాలని చూత్తంది. వాళ్ళకీ నువ్వే చెప్పు."

ప్రయోగశాలకి ఫోన్ చేద్దామన్నా ఆ అడవిలో సిగ్నలు అందదు. అందినా డాక్టర్ గారు ఏం చెప్తారు? ఎర్రబడితే తీసెయ్యి అంటారు. నాచుని తియ్యొచ్చు. నాచు మీదికి కావాలని వచ్చి పడుకునే మనిషిని ఏం చెయ్యాలో ఏ పళ్ళెం చూసి నేర్చుకోవాలి?

*

భోజనాలయ్యాక ఇంక దాచడం దేనికని అందరూ షెడ్డులోకి నడిచారు. చెప్పులు గుమ్మం బయట విడిచారు. ఎవరి నీలం పక్కన వాళ్ళు పచ్చటి చోటు చూసుకుని పడుకున్నారు. కాసేపటికి మాటలు సన్నగిల్లాయి. నాచు పోగులు చర్మాన్ని తాకినచోట చల్లదనం మొదలై ఒళ్ళంతా పాకుతుందట. ఆ చల్లదనంతో పాటే నిద్ర. లోవరాజు గుర్రు అందరికన్నా ముందు లేచింది. ఆ శరీరాల చుట్టూ నీలం అంచు కట్టడం రత్నం నిలబడి చూసింది. తను గాజు కింద చూసిన రంగే, ఇప్పుడు ఊపిరి పీలుస్తోంది.

పైడమ్మ కిటికీ వైపు నడుస్తోంది. అడుగులు తేలిపోతున్నాయి.

రత్నం ఏమీ ఆలోచించలేదు. నాలుగంగల్లో తల్లిని దాటి వెళ్ళి, ఆ ఎర్రటి ఆకారానికీ గోడకీ మధ్య మిగిలిన పచ్చటి చోట పడుకుని, చెయ్యి చాచి ఎరుపుకి అడ్డం పెట్టింది.

"లేవే. అది నా చోటు."

"లేవను."

"చిన్నపిల్లలా ఏంటే ఇది."

"నువ్వు పడుకుంటే నా చెయ్యి మీద పడుకోవాలి."

పైడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆమె చూపు కూతురి భుజం దగ్గర ఆగిపోయింది.

రత్నం తల తిప్పి చూసుకుంది. గోడవైపు భుజం కింద పచ్చదనంలోకి సన్నగా, సిరా పీల్చిన కాగితంలా, నీలం దిగుతోంది. భుజంనుంచి మోచేతికి, మోచేతినుంచి వేళ్ళకి. జడ పడిన చోట కూడా.

ఆమె చేతులు ఎప్పుడూ వణకలేదు. తన ఒంట్లో అది ఉంటుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ కాలనీలో పుట్టింది, ఆ తల్లి పాలు తాగింది. ఇన్నేళ్ళుగా అన్నిటినీ అంత ఓపిగ్గా చూసిన మనిషి తనని తను చూసుకోలేదు.

"అమ్మా..." అంది. లేవడానికి మనసు రాలేదు. చల్లదనం అప్పటికే మెడదాకా వచ్చింది.

పైడమ్మ మోకాళ్ళ మీద కూలబడి నీలాన్ని వేలితో తాకింది. వేలు చూసుకుంది. మళ్ళీ తాకింది.

"నీక్కూడానా," అంది.

"ఉంది కదా మరి."

"ఎన్నాళ్ళు పడుతుందే ఇది పోవడానికి?"

"ఏమో. చాలా రోజులు. నీలం ఉన్నంతసేపూ పడుకోవచ్చు. ఎర్రబడగానే లేపెయ్యాలి. ఎక్కువసేపు పడుకోనివ్వకూడదు. పడుకున్నవాళ్ళకి తెలియదు... పక్కన ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి."

చెప్తుంటేనే మాటలు దూరం అయిపోతున్నాయి. పైన రేకుల సందులోంచి ఆకాశం, ఆకాశంలో ఒక కొమ్మ, కొమ్మ మీద ఎండ. అన్నీ నీళ్ళ అడుగునుంచి చూసినట్టు మెల్లగా ఊగుతున్నాయి.

పైడమ్మ వెనక్కి తిరిగి నిద్రపోతున్నవాళ్ళని చూసింది. లోవరాజుని, చిట్టెమ్మని, గంగాలుని. మెలకువగా ఉన్న మనిషి తనొక్కతే. తన ఎర్రటి ఆకారం వైపు కూడా చూసింది. అది అక్కడే ఉంది, మోకాలు మడుచుకుని, రమ్మంటూ. ఆమె ముక్కు చీదుకుంది. తర్వాత నాచు అంచున బయటపడిన సిమెంటు దిమ్మ మీదికి జరిగి, కాళ్ళు కింద ఆననివ్వకుండా పైకి మడుచుకుని కూర్చుంది.

"పడుకో. నేను కూకుంటాను."

"నువ్వు రావు కదా ఇటు?"

"ఎలా వత్తానే, నువ్వు నిద్రపోతుంటే. మరీ లోపలికి పోకు. నేను కథ చెప్తాను, నువ్వు ఊ కొట్టు. ఊ ఆగిందంటే చెంప మీద కొడతాను."

"ఊ."

"నిన్న మీ నాన్న వచ్చాడు."

"ఊ."

"తల తడిసి ఉంది. వానొచ్చిందా అన్నాను. వాన కాదు, వాగులో మునిగొచ్చాను, ఒళ్ళంతా కడిగేసుకున్నాను అన్నాడు."

"ఊ."

"ఆకలేత్తందన్నాడు. పెట్టాను. మెతుకు కింద పడకుండా తిన్నాడు."

రత్నానికి ఎక్కడో గిన్నె చప్పుడు వినిపించింది. తడి తువ్వాలు వాసన వచ్చింది. గుమ్మంలో వెలుతురుకి అడ్డంగా ఎవరో నిలబడ్డారు. మొహం కనిపించడం లేదు. ఇంకొక్క అడుగు లోపలికి వేస్తే కనిపిస్తుంది.

చెంప మీద తల్లి చెయ్యి పడింది. గట్టిగా, కుదురుగా పడింది.

"ఊ," అంది రత్నం.

"పిల్లేది అన్నాడు. ఇదిగో, ఇక్కడే పడుకుంది, ఒంట్లో బాగా లేదు అన్నాను. నేను కాపలా కూకున్నాను, ఇంక నీ కాడికి రాను, నాకు పనుంది అని చెప్పాను."

ఇది నిన్నటి కల కాదని రత్నానికి నిద్రలోనే తెలిసింది. ఊ కొట్టకుండా అడిగింది. "ఏమన్నాడు?"

చుట్టూ నిద్రపోతున్నవాళ్ళ ఊపిర్లు, ఎండుటాకు ఒకటి నాచు మీద రాలిన చప్పుడు.

"ఏమంటాడు," అంది పైడమ్మ. "తలకి తువ్వాలు చుట్టుకుని డ్యూటీకి పోయాడు."

"ఊ," అంది రత్నం.